పెద్ద గొంతు స్పీకరుకు తగిన జోడు

పాట వినడం ఒకప్పుడు ఊరుమ్మడి సంగతి. పెండ్లి పందిరిలోనో, గణపతి మండపం దగ్గరో మైకు సెట్టువాడు వచ్చి వేపకొమ్మకు గొట్టం కట్టి రికార్డు వేస్తే, ఊరి ఈ చివర మొదలైన పాట ఆ చివర చేలో కలుపు తీసేవారికి కూడ వినవచ్చేది. ఇప్పుడా సంబరం ఇంటిలోకి వచ్చినది. పాత సినిమాహాళ్ళ పద్ధతిలో హారన్ ఉన్న పెద్ద స్పీకర్లను ఇంట్లో అమర్చుకొనే సరదా మన యువకులలోనూ కనబడుతున్నది. అవి వచ్చిన కొన్నాళ్ళకు మరొక కోరిక పుడుతుంది. గొంతు బాగున్నది, సన్నాయి బాగున్నది, డప్పు మాత్రం గుండెకు తగలడం లేదు, ఒక సబ్‌వూఫరు తెచ్చిపెడితే ఎట్లా ఉంటుంది? ఈ నెల మేము ముచ్చటించదలచినది ఆ విషయమే.

ఇదేదో కుర్రవాళ్ళ వేడుక, కుటుంబ పత్రికలో దీనికి చోటెందుకు అని పెద్దలు కొందరు అనుకోవచ్చు. మా మనవి ఒక్కటి. 1956 నవంబరు 1న నాందేడు జిల్లా హైదరాబాదు రాష్ట్రాన్ని వదలి బొంబాయి రాష్ట్రంలో కలిసినది. 1960 మే 1న మహారాష్ట్రలో భాగమైనది. ఆనాటి నుంచి మన ఇండ్లలో తరాలు మారినవి. పిల్లలు బడిలో మరాఠీ చదువుతున్నారు, బజారులో మరాఠీ, హిందీ మాటలాడుతున్నారు. తెలుగు అక్షరం రాని మనుమడు కూడ తెలుగు పాట తప్పు లేకుండ పాడగల ఇండ్లు మనలో ఉన్నవి. వాడికి ఆ తెలుగు ఎక్కడినుంచి వచ్చినది? ఇంట్లో పెద్దల నోటినుంచి కొంత, పాట పెట్టెనుంచి కొంత. అంటే చెవిద్వారా వచ్చినది. అట్టి ఇంట్లో మాట మసకబారితే పోయేది వేడుక ఒక్కటే కాదు. సబ్‌వూఫరు తప్పుగా కుదిరితే మొట్టమొదట దెబ్బతినేది మాటే గనుక, ఈ విషయం కుటుంబ పత్రికకు తగినదనే మా అభిప్రాయం.

దక్షత అంటే ఏమిటి?

స్పీకరుకు మనం ఇచ్చేది కరెంటు, అది తిరిగి ఇచ్చేది ధ్వని. ఇచ్చిన కరెంటులో ఎంత భాగం ధ్వనిగా మారుతుందో అదే దాని దక్షత. ఈ విషయంలో స్పీకరంత దుబారామనిషి ఇంట్లో మరొకడుండడు. దుకాణాలలో మామూలుగా దొరికే చిన్న స్పీకరు తనకిచ్చిన దానిలో నూటికి అరపాలు కూడ ధ్వనిగా మార్చదు, మిగిలినదంతా తీగచుట్టలో వేడిగా పోతుంది. దీనిని కొలవడానికి ఒక పద్ధతి ఉన్నది. 1 వాటు ఇచ్చి, 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్లు వచ్చినవో చూస్తారు. పెట్టె వెనుక చీటీమీద సెన్సిటివిటీ అని వేసే అంకె ఇదే. చిన్న స్పీకరుకు అది 85 ప్రాంతంలో ఉంటుంది. పెద్ద హారన్ స్పీకరుకు 95 నుంచి 105 వరకు ఉంటుంది.

ఈ అంకెలలో భేదం పైకి కొద్దిగా కనబడుతుంది గాని, నిజానికి చాలా పెద్దది. 3 డెసిబెల్లు పెరగాలంటే కరెంటు శక్తి రెండింతలు కావాలి. 10 పెరగాలంటే పదింతలు కావాలి. 85 అంకె గల స్పీకరు 100 వాట్లు తిని చేసే చప్పుడును 100 అంకె గలది 3 వాట్లతో చేసి చూపుతుంది. అందుకే గొంతు పెద్దదంటున్నాము. పొలం గట్టుమీద నిలిచి దూరాననున్న మనిషిని కేకవేసేటప్పుడు నోటిచుట్టూ రెండు చేతులు దోనెవలె పట్టడం మనందరికీ అలవాటే. హారన్ చేసే పని అదే. గొంతు పెరగదు, గొంతుకు గాలిమీద పట్టు పెరుగుతుంది.

మాట్లాడే సినిమాలు వచ్చిన కాలంలో ఈ పట్టు లేనిదే పని జరిగేది కాదు. 1932లో మన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చేనాటికి ఆంప్లిఫయర్ల శక్తి చాలా స్వల్పం. ఆ స్వల్పశక్తితోనే హాలు నింపాలి గనుక పెద్ద పెద్ద హారన్లు వాడారు. అమెరికాలో పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు 1946లో క్లిప్ష్‌హార్న్ పేరుతో ఇంటి మూలలో ఇమిడే హారన్ స్పీకరును అమ్మకానికి తెచ్చాడు. గది గోడలనే హారన్‌కు కొనసాగింపుగా వాడుకోవడం ఆయన యుక్తి. ఆ తరువాత 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ అనేవారు ఎ.ఆర్-1 అనే చిన్న మూతపెట్టెను తెచ్చారు. అరలో పట్టేటంత పెట్టెలోనుంచి లోతైన మంద్రం పలికింది. కాని అది మేలుకోవాలంటే ఆంప్లిఫయరు చాలా కష్టపడవలసి వచ్చేది.

ఈ రెండు దారులకు మూలం ఒకే సూత్రం. దానిని చెప్పినవాడు అంటోన్ హాఫ్‌మన్. ప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కుమారుడితడు. చిన్న పెట్టె, లోతైన మంద్రం, అధిక దక్షత, ఈ మూడింటిలో ఏ రెండైనా కోరుకో, మూడవది వదులుకో అన్నది ఆ సూత్రం. మంత్రి మారినా మతలబు మారనట్లు, ఏ కంపెనీ పెట్టె కొన్నా ఇది మారదు.

ఇప్పుడు మన సంగతి చూడండి. గదిలో పట్టే హారన్ స్పీకరు దక్షతను కోరుకొని మంద్రాన్ని వదులుకొన్నది. చాలావాటికి 50, 60 హెర్ట్జ్‌ల దగ్గరే అడుగు అందుతుంది, ఆ క్రిందికి గొంతు దిగదు. సబ్‌వూఫరు మంద్రాన్ని కోరుకొని దక్షతను వదులుకొన్నది. అందుకే దానికి సొంత ఆంప్లిఫయరు, అదీ వందల వాట్లది, లోపలనే పెట్టి ఇస్తారు. ఒకరికి లేనిది మరొకరికి ఉన్నది గనుక సంబంధం కుదరవలసినదే. కాని కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని పెద్దలన్నారు. ఆ ఉజ్జీ ఎక్కడ చూడాలో తెలియకనే చాలామంది డబ్బు పోగొట్టుకొంటున్నారు.

ఉజ్జీ ఎక్కడ చూడాలి?

దుకాణంలో కొందరు అడిగే ప్రశ్న ఇది. నా స్పీకరు అంకె 100, నాకు 100 అంకె గల సబ్‌వూఫరు ఇయ్యి. ఈ ప్రశ్నకు అర్థం లేదు. సబ్‌వూఫరుకు సొంత ఆంప్లిఫయరు ఉన్నది గనుక దాని సెన్సిటివిటీతో మనకు పని లేదు. మరికొందరు వాట్లు చూస్తారు. వాట్లు కూడ సగం సంగతే చెబుతవి. చూడవలసినది, 30 హెర్ట్జ్‌ల వంటి లోతు దగ్గర అది గొంతు పగలకుండ ఎంతవరకు పలకగలదు అన్నది.

మంద్రం పలకడమంటే గాలిని పెద్దమొత్తంలో ముందుకు వెనుకకు తోయడం. గొట్టం బావికి మోటారు ఎంత పెద్దదైనా పైపు సన్నమైతే నీరు రాదు గదా. ఇక్కడ పైపు వంటిది కోను వైశాల్యం, అది కదిలే దూరం. ఒక స్థాయి క్రిందికి దిగినకొద్దీ, అంటే 80 నుంచి 40కి, 40 నుంచి 20కి దిగినప్పుడు, అదే బిగ్గరతనం రావాలంటే కోను ప్రతిసారీ నాలుగింతలు కదలాలి. 80 హెర్ట్జ్‌ల దగ్గర 1 మిల్లీమీటరు కదిలితే చాలే పనికి 20 హెర్ట్జ్‌ల దగ్గర 16 మిల్లీమీటర్లు కదలాలి.

నేలమీద ఉంచిన మూతపెట్టెకు మేము వేసిన లెక్క ఇట్లా వచ్చినది. 8 అంగుళాల కోను అటు 10, ఇటు 10 మిల్లీమీటర్లు కదిలితే, 30 హెర్ట్జ్‌ల దగ్గర 1 మీటరు దూరాన సుమారు 94 డెసిబెల్లు. 12 అంగుళాల కోను 12 మిల్లీమీటర్లు కదిలితే సుమారు 103. 18 అంగుళాలది అంతే కదిలితే సుమారు 110. గది గోడలు, మూలలు దీనికి మరికొంత కలుపుతవి. ఇక 100 అంకె గల హారన్ స్పీకరు 10 వాట్లకే 110 డెసిబెల్లు పలుకుతుంది. దానిప్రక్కన 8 అంగుళాల డబ్బా పెడితే పహిల్వాను ప్రక్కన పసివాడిని గోదాలో నిలిపినట్లే.

అయితే ప్రతి ఇంటికీ 18 అంగుళాల రాక్షసి కావాలని మా భావం కాదు. సినిమాహాలు ప్రమాణంలో కూర్చున్నచోట పతాక ధ్వని 105 డెసిబెల్లు, ప్రత్యేక మంద్రపు పట్టీకి మరొక 10 ఎక్కువ. ఇంట్లో అంత చప్పుడు ఎవరూ వినరు, వినగూడదు కూడ. 12 అడుగులకు 15 అడుగుల గదిలో, ఒకరితో ఒకరు మాటలాడుకొనే వీలుండేటట్లు వినే కుటుంబానికి 12 అంగుళాల మంచి సబ్‌వూఫరు ఒకటి చాలును. 2015లో వచ్చిన బాహుబలి వంటి సినిమా యుద్ధాన్ని హాలులో వలె వినవలెనని పట్టుబట్టేవారికి మాత్రం 15 అంగుళాలవి రెండు, లేదా 18 అంగుళాలది ఒకటి అవసరం. ముందు మీ ఇంట్లో నిజంగా ఎంత బిగ్గరగా వింటారో చూచుకోండి. స్పీకరు చేయగలిగినదంతా లెక్కలోకి తీసికోనక్కరలేదు.

ఉజ్జీ కుదరకపోతే నష్టమేమి? చిన్న డబ్బా శక్తికి మించి తోసినప్పుడు 30 హెర్ట్జ్‌ల ధ్వనితోపాటు 60, 90, 120 అని దానికి పిల్లలు పుడతవి. మగవారి గొంతుకు పునాది సుమారుగా 100 నుంచి 150 హెర్ట్జ్‌ల మధ్య. డబ్బా మూలుగు సరిగా వచ్చి ఆ పునాదిమీద కూర్చుంటుంది. ఇంకొక సంగతి, బలమైన క్రింది ధ్వని తనకు పైనున్న ధ్వనులను చెవికి అందకుండ కప్పివేస్తుంది. మాటకు ప్రాణమైన హల్లులు, క, త, స, ష వంటివి, 1000 నుంచి 4000 హెర్ట్జ్‌ల ప్రాంతంలోనూ ఆ పైనా ఉంటవి. వయసు మీరినవారి చెవికి మొదట తగ్గేది కూడ ఆ పై ధ్వనులే. కాబట్టి మూలలో డబ్బా మూలిగినప్పుడు కుర్రవాడికి సరదాగా ఉంటుంది, అదే గదిలో కూర్చున్న అవ్వకు పాటలోని మాట పోతుంది. ఆమె ఆ మాట అననుకూడ అనదు, లేచి వసారాలోకి పోతుంది.

గొంతులు కలపడం

డబ్బా తగినదే వచ్చినదనుకుందాం. ఇంటికి తెచ్చి తగిలించగానే హారన్ స్పీకర్ల ఇండ్లలో తరచుగా ఒక వింత జరుగుతుంది. స్పీకర్లు ఖంగుమని పలుకుతూ ఉంటవి, సబ్‌వూఫరు మాత్రం నిద్రపోతూ ఉంటుంది. పాడైనదనుకొని తిరిగి దుకాణానికి మోసుకపోతారు. అక్కడ మామూలు స్పీకర్లతో కలిపితే చక్కగా పనిచేస్తుంది.

కారణం ఇది. సబ్‌వూఫరు తనకు రావలసిన సంకేతాన్ని ఆంప్లిఫయరునుంచి తీసికొంటుంది. 85 అంకె గల స్పీకరుతో ఒక పాటి చప్పుడు రావడానికి 1 వాటు, అనగా 8 ఓముల స్పీకరుమీద 2.83 వోల్టులు కావాలనుకుందాం. 101 అంకె గలదానికి అదే చప్పుడుకు 0.45 వోల్టు చాలు. మీరు వాల్యూము తక్కువగానే తిప్పుతారు గనుక సబ్‌వూఫరుకు చేరేదీ ఆ 0.45 వోల్టే. అది మామూలు స్పీకర్లను దృష్టిలో పెట్టుకొని చేసిన యంత్రం. అందే సంకేతం 16 డెసిబెల్లు తక్కువై దానికి చాలదు. సంకేతం వచ్చినప్పుడు తానే మేలుకొనే ఏర్పాటు ఉన్నవైతే మేలుకోనే మేలుకోవు.

దీనికి ఉపాయాలు ఉన్నవి. తానే మేలుకొనే మీటను మార్చి ఎప్పుడూ వెలిగి ఉండేటట్లు పెట్టండి. సబ్‌వూఫరుమీది లెవెల్ మీటను మామూలు ఇండ్లలో సగం దగ్గర ఉంచితే, మన ఇండ్లలో ఇంకా పైకి తిప్పవలసి వస్తుంది. చివరివరకు తిప్పినా చాలకపోతే ఆ డబ్బా మీ స్పీకర్లకు తగదు, ఎంత పేరున్నదైనా సరే. కొనకముందే దుకాణదారును ఈ ప్రశ్న అడగాలి, వీలైతే మీ స్పీకరునే తీసికపోయి కలిపి చూడాలి. నాందేడులో కొన్నా, హైదరాబాదు కోఠీకి పోయి కొన్నా, తిరిగి తీసికొనే షరతు చీటీమీద వ్రాయించుకోవడం మంచిది.

సినిమా ఆంప్లిఫయరు, అదే ఎ.వి. రిసీవరు వాడేవారికి ఈ చిక్కు మరో రూపంలో వస్తుంది. ఆ యంత్రం మైకు పెట్టి తానే కొలుచుకొని హారన్ స్పీకర్లను 10, 12 డెసిబెల్లు తగ్గిస్తుంది. చాలా యంత్రాలలో 12కు మించి తగ్గించే వీలు లేదు. అక్కడ అది ఆగిపోతే మిగిలిన తేడాను సబ్‌వూఫరు మీటతో మనమే సరిచేయాలి. దీపపు గొట్టాల చిన్న ఆంప్లిఫయరు వాడేవారికి సబ్‌వూఫరు తీగ తగిలించే ప్రత్యేకపు రంధ్రమే ఉండదు. అట్టివారు స్పీకరు తీగలే నేరుగా తగిలించుకొనే వీలున్న సబ్‌వూఫరును ఎంచుకోవాలి. తగిలించే ముందు రెండు యంత్రాల పుస్తకాలూ చదవాలి. కొన్నిరకాల ఆంప్లిఫయర్లలో నల్లతీగను భూమికి కలిపితే యంత్రం కాలిపోతుంది.

హారన్ స్పీకరు చాలా సున్నితపు చెవి గల మనిషి వంటిది. ఆంప్లిఫయరులోని చిన్న బుస కూడ దానినుంచి పెద్దగా వినబడుతుంది. సబ్‌వూఫరును ఒక గోడ ప్లగ్గుకు, ఆంప్లిఫయరును వేరొక గోడ ప్లగ్గుకు తగిలిస్తే 50 హెర్ట్జ్‌ల కరెంటు గుంయిమనడం మొదలవుతుంది. అన్నింటినీ మంచి ఎర్తు గల ఒకే బోర్డుకు తగిలిస్తే చాలావరకు పోతుంది. గుంయి పోవాలని ఎర్తు మేకును విరిచివేయడం కొందరికి అలవాటు. అది ప్రాణాపాయం సుమా.

ఎక్కడ కలవాలి, ఎప్పుడు కలవాలి

ఏ స్వరంవరకు సబ్‌వూఫరు, ఎక్కడినుంచి స్పీకరు అన్న సరిహద్దును క్రాస్‌ఓవర్ అంటారు. మనం సరిహద్దు జిల్లావాళ్ళం, సరిహద్దు తప్పుగా గీస్తే ఎంత తంటానో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. స్పీకరు 50 హెర్ట్జ్‌లవరకు బలంగా దిగగలిగితే 70 ప్రాంతంలో కలపండి. 60 దగ్గరే ఆగేదైతే 80 దగ్గర కలపండి. స్పీకరు బలం పూర్తిగా పోయినచోట కలిపితే మధ్యలో గుంట పడుతుంది. 120, 150 వరకు పైకి జరిపితే మగవారి గొంతు సబ్‌వూఫరులోనుంచి వస్తుంది, గాయకుడు ఎదుట కాక మూలలో కూర్చుని పాడుతున్నట్లుంటుంది. 80కి దిగువ ధ్వని ఏ దిక్కునుంచి వస్తున్నదో చెవి పోల్చుకోలేదు, గనుక అక్కడ డబ్బాను ఎక్కడ దాచినా చెల్లుతుంది.

సరిహద్దు దగ్గర రెండూ ఒకేసారి పలుకుతవి. అవి కలిసి ఊపిరి పీల్చి కలిసి వదలాలి. రోట్లో ఇద్దరు పోటు వేసేటప్పుడు లయ తప్పితే రోకళ్ళు తగులుకొంటవి. ధ్వని 1 మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకండ్లు పడుతుంది. క్రింది భాగానికి కూడ మడతపెట్టిన హారన్ ఉన్న స్పీకరులో ధ్వని బయటికి రావడానికే రెండు మూడు మీటర్లు నడవాలి. 70 హెర్ట్జ్‌ల దగ్గర రెండున్నర మీటర్ల తేడా వస్తే, ఒకటి తోసేటప్పుడు మరొకటి లాగుతుంది, రెండూ పలుకుతున్నా చెవికి ఏమీ అందదు. బేస్ చాలడం లేదని లెవెల్ పెంచుతాము, గుంట అట్లాగే ఉండి మిగిలినచోట్ల మోత పెరుగుతుంది.

దీనిని చూచుకోవడం తేలిక. సరిహద్దు ఎంత పెట్టారో ఆ హెర్ట్జ్‌ల ఒకే స్వరాన్ని ఫోనునుంచి వేసి కూర్చునేచోట వినండి. ఒకరు సబ్‌వూఫరు వెనుకనున్న ఫేజు మీటను 0 నుంచి 180కి మార్చాలి. ఎప్పుడు బిగ్గరగా వినబడిందో అదే సరియైనది. మధ్యలో ఆగే మీట ఉంటే మెల్లగా తిప్పుతూ అన్నిటికన్నా బిగ్గరైన చోట ఆపండి. రిసీవరులో దూరం వ్రాసే చోటు ఉంటే దానితో ఇంకా నిక్కచ్చిగా చేయవచ్చును.

ఇల్లు కూడ ఒక వాయిద్యమే

ఏ సబ్‌వూఫరుకైనా సగం గొంతు గదిదే. 15 అడుగుల పొడవు గది 38 హెర్ట్జ్‌ల దగ్గర, 12 అడుగుల వెడల్పు 47 దగ్గర, 10 అడుగుల ఎత్తు 56 దగ్గర తమంతట తామే మ్రోగుతవి. ఆ స్వరాలు వచ్చినప్పుడు గోడకు ఆనుకొని కూర్చున్నవారికి గుమ్మని మోత, గది నట్టనడుమ కూర్చున్నవారికి దాదాపు ఏమీ లేదు. సబ్‌వూఫరు మంచిదా చెడ్డదా అని తగవుపడే అన్నదమ్ములిద్దరూ తరచుగా వేరువేరు చోట్ల కూర్చున్నవారే.

చోటు వెతకడానికి ఒక పాత కిటుకు ఉన్నది. మీరు కూర్చునే కుర్చీ తీసివేసి సబ్‌వూఫరునే అక్కడ పెట్టండి. మంద్రం బాగా ఉన్న ఒక పాట వేసి గోడల వెంబడి వంగి నడుస్తూ వినండి. ఏ చోట ప్రతి స్వరమూ సమంగా, మోత లేకుండ వినబడిందో ఆ చోటికి సబ్‌వూఫరును మార్చి, మీరు కుర్చీలోకి వెళ్ళండి. మూల బలాన్ని ఇస్తుంది గాని మోతనూ ఇస్తుంది. వీలున్నవారు పెద్దది ఒకటి కొనేబదులు మధ్యరకానివి రెండు కొని ఎదురెదురు గోడల నడుమ పెడితే గదిలో నలుగురికీ ఒకే తీరున వినబడుతుంది.

మట్టిమిద్దె ఇల్లు, రాతిగోడల ఇల్లు, స్లాబు ఇల్లు, రేకుల ఇల్లు, అన్నీ మన ఊళ్ళో ఉన్నవి. మందపు రాతిగోడలు మంద్రాన్ని లోపల నిలుపుతవి, మోత కూడ నిలుస్తుంది. రేకుల కప్పు మంద్రాన్ని బయటికి వదులుతుంది, పైగా తాను గలగలలాడుతుంది. అరలోని స్టీలు గిన్నెలు, బీరువా తలుపు, దేవుడి పటాల అద్దాలు తాళం వేస్తవి. ఆ గలగలను సబ్‌వూఫరు లోపమనుకొని బాధపడేవారున్నారు. పటం వెనుక గుడ్డముక్క, గిన్నెల క్రింద రబ్బరు చాప చాలు.

పొరుగువారి సంగతి కూడ చెప్పాలి. మంద్రానికి గోడ అడ్డు కాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు నివాసప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లని హద్దు పెట్టినవి. రాత్రి అంటే 10 గంటలనుంచి ఉదయం 6 వరకు. ఈ కొలతకు వాడే ఎ పద్ధతి మనిషి చెవిని అనుసరించి మంద్రాన్ని చిన్నగా చూపుతుంది. 50 హెర్ట్జ్‌ల దగ్గర 30 డెసిబెల్లు తగ్గించి లెక్కిస్తుంది. అందుచేత యంత్రం హద్దు దాటలేదని చెప్పినా, ప్రక్క ఇంటి పసిబిడ్డ ఉయ్యాలలో ఉలిక్కిపడవచ్చును. రాత్రి 10 తరువాత సబ్‌వూఫరు ఆపివేయడం చట్టంకన్నా ముందు ఇరుగుపొరుగు మర్యాద. హారన్ స్పీకరు చిన్న వాల్యూములో కూడ మాటను ముద్దుగా పలుకుతుంది గనుక పెద్ద లోటు కూడ రాదు.

పాత పాటలకు సబ్‌వూఫరు అవసరం చాలా తక్కువ. 1951 నాటి పాతాళ భైరవి, 1957 నాటి మాయాబజార్ ఒకే పట్టీ ధ్వనితో వచ్చినవి. ఆ కాలపు ఫిలిం ధ్వనిలో అతి మంద్రం స్వల్పం. పాత రికార్డులలోనైతే 40 హెర్ట్జ్‌లకు దిగువ ఉండేది ఎక్కువగా పళ్ళెం తిరిగే గరగర. సబ్‌వూఫరు దానినే పెద్దది చేసి చూపుతుంది. ఘంటసాల వారిని వినేటప్పుడు డబ్బా మీట ఆపివేస్తే ఆయన మరింత దగ్గరగా వచ్చి కూర్చున్నట్లుంటుంది.

చివరికి జోడు కుదిరినదా లేదా తేల్చడానికి యంత్రం అక్కరలేదు. ముందు ఒక తెలుగు ప్రసంగమో, హరికథలోని వచనమో, రేడియో వార్తలో వేయండి. సబ్‌వూఫరును ఒకసారి ఆపి, ఒకసారి వెలిగించి వినండి. మాటలో ఏ మార్పూ రాకూడదు. వస్తే సరిహద్దు ఎక్కువైనది, లేదా లెవెల్ ఎక్కువైనది, తగ్గించండి. తరువాత డప్పు గాని, మృదంగం గాని ఉన్న పాట వేయండి. ఇప్పుడు తేడా తెలియాలి. మాటకు తేడా లేక, డప్పుకు తేడా వచ్చినచోట మీటలన్నిటికీ పెన్సిలుతో గుర్తు పెట్టుకొని వాటి జోలికి పోకండి.

ఈ పరీక్షకు తీర్పరిగా ఇంట్లోని అందరికన్నా పెద్దవారిని కూర్చోబెట్టాలని మా సలహా. లెవెల్ మీట కుర్రవాడి చేతిలో ఉండనీయండి, మాట ముక్కముక్కా వినబడుతున్నదా లేదా అని చెప్పే అధికారం మాత్రం అవ్వదే.